పడవలో పిడికెడు మట్టి

గిన్నె బల్జ్ అన్న కూర్చున్న బల్ల కింద ఉంది. గోనెగుడ్డలో చుట్టి, పడవ ఊగినా దొర్లిపోకుండా రెండు మడమల మధ్య ఇరికించి పెట్టుకున్నాడు. నాకూ దానికీ మధ్య నాలుగడుగులు, అంతే, చెయ్యి చాస్తే అందదు, కళ్ళు మూసుకుంటే పోదు. సరస్సు మీద పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే పడవ ముందు కొస కనిపించడం లేదు, లియెని తాత తెడ్డు నీళ్ళలో మునిగిన చప్పుడు వినబడుతోంది గాని నీళ్ళు కనబడవు. అయినా ఆ గిన్నె మాత్రం గుడ్డలోంచీ మంచులోంచీ నా రెప్పల్లోంచీ కూడా కనిపిస్తూనే ఉంది, అంచున పెచ్చు ఊడిన పాలగిన్నె, నా పెళ్ళినాటిది, మా పాప రెగెలి పాలు తాగింది అందులో కాదు, అది వేరే గిన్నె, చిన్నది, ఇంట్లో పొయ్యి పక్క గూట్లో బోర్లించి ఉంది, ఇంకా ఎవరూ దాన్ని తిప్పలేదు. ఏమిటీ గిన్నెల గోల, గంటలో జ్యూరిఖ్ రేవు వస్తుంది, రేవు నుంచి నగరసభ నాలుగు అంగలు, అక్కడ నన్ను నిలబెట్టి మూడు వేళ్ళు ఎత్తి ప్రమాణం చెయ్యమంటారు. నా మొగుడు యోస్ పద్దెనిమిది రోజులుగా నది మధ్య బురుజులో, ఖైదులో ఉన్నాడు. దేవుణ్ణి దూషించడం ఒక తప్పు, నేలను ముద్దు పెట్టుకోననడం రెండో తప్పు. మొదటిదానికి మా దేశంలో క్షమాపణ ఉంది. రెండోదానికి కత్తి.

కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేం అని అందరూ అంటారు, మా నగరసభ పెద్దలు మాత్రం దానికీ ఒక దారి చూపించారు. దేవుడి గాయాల మీదో, దేవుడి నెత్తురు మీదో ఒట్టేసి తిట్టినవాడు ఉన్నచోటనే మోకాళ్ళ మీద పడి నేలను ముద్దు పెట్టుకోవాలి, అంతటితో సరి. విన్నవాడు 'నేల ముద్దు పెట్టుకో' అనాలి. అనకుండా ఊరుకుంటే వాడూ దోషే, తిలాపాపం తలా పిడికెడు. ఏడాదికి రెండుసార్లు ఈ ఆజ్ఞ గుడిలో చదువుతారు, అది చదివే ఆదివారం ఎవరూ ఎవరి మొహమూ చూడరు. పశువుల సంత రోజు చూడాలి వేడుక, బేరం కుదరక ఒకడు నోరు జారతాడు, పదిమంది వేలు చూపిస్తారు, వాడు పేడలోనే వంగి లేస్తాడు, మళ్ళీ అదే ఆవు దగ్గర అదే మాట. మా అత్త బతికుండగా ఓ పండగనాడు పిండి ముద్ద మాడిందని నోరు జారి, ముందు కొంగుతో వంటగది నేల తుడిచి, ఆ తర్వాత ముద్దు పెట్టుకుంది. అందరికీ నేల ఉంది. పడవవాడికి ఏముంది. నా మొగుడు పడవవాడు, పొద్దున్నే ద్రాక్షసారా పీపాలు ఎక్కించుకుని వెళ్ళి చీకటి పడేలోపు తిరిగొచ్చేవాడు, వెళ్ళేటప్పుడు గాలికి ఒక తిట్టు, వచ్చేటప్పుడు ఎదురుగాలికి రెండు. చెడ్డ నోరు, నేను కాదనను. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది అంటారు, యోస్ నోటితో లెక్కేస్తే మా ఊరు ఎప్పుడో మునిగిపోవాలి. సంతోషం వచ్చినా వాడికి అదే భాష. రెగెలి పుట్టినప్పుడు గుమ్మంలో నిలబడి 'దేవుడి నెత్తురు తోడు, ఎంత చక్కగా ఉంది' అన్నాడు, మంత్రసాని బొడ్డు కోస్తున్నదల్లా ఆగి, 'నేల, నేల' అంది. తడి తడిగా ఉన్న ఆ నేలనే ముద్దు పెట్టుకుని లేచాడు, గడ్డానికి గడ్డి పరక అంటుకుని ఉంది, నేను నొప్పుల్లో కూడా నవ్వాను.

పడవలో ఎక్కినవాళ్ళు భయపడేవారు. సరస్సు నడుమ వీడు నోరు జారితే, నేల ముద్దు పెట్టుకో అనడానికి నేల లేదు, అనకపోతే తామూ దోషులు, ముందు నుయ్యి వెనుక గొయ్యి. ఒకసారి పడవ చెక్కను ముద్దు పెట్టుకున్నాడు, చెక్క నేల అవుతుందా అవదా అని ఊళ్ళో వారం రోజులు వాదన. చెక్క చెట్టు కదా, చెట్టు నేలలోదే కదా అని లియెని తాత, అలాగైతే నీ చొక్కా కూడా నేలే, అవిసె నేలలోదే కదా అని బల్జ్ అన్న. అప్పుడు నేనే ఈ పాలగిన్నె తీసి పెరట్లో ఉల్లిమడి పక్క మట్టి నింపి పడవలో పెట్టాను. పెళ్ళయిన రెండో ఏడు అది. 'నీ నోటికి తగ్గ పళ్ళెం' అన్నాను. వాడు నవ్వి నా నడుం పట్టుకుని ఒక తిట్టు తిట్టి వెంటనే గిన్నెకు ముద్దు పెట్టి, 'రుచి చూశాను, ఉప్పు తక్కువైంది' అన్నాడు. పాత ఫాదిరీగారు విని పొట్ట పట్టుకుని నవ్వారు, నన్ను చూపించి, క్లెఫి తన మొగుడి నరకం ఖర్చు తగ్గించింది అన్నారు. పక్క పడవలవాళ్ళు కూడా కేకేసి అడిగి మరీ ఆ గిన్నె అందుకుని ముద్దు పెట్టుకుని ఇచ్చేవారు. ఇప్పుడు ఆ గిన్నె మీదే వాళ్ళకు అనుమానం. ముందే మట్టి మోసుకెళ్ళాడంటే తిట్టాలని ముందే అనుకున్నాడన్నమాట, కోపంలో జారిన మాట కాదన్నమాట, దేవుడితో ఎకసెక్కం అన్నమాట. కొత్త ఫాదిరీ అలా రాసి పంపాడట. అతను మంచివాడే, పొట్ట లేదు అంతే.

చలి వేళ్ళలోకి దిగుతోంది. జేబులో ఎండు బేరిపళ్ళ ముక్కలు తడిగా తగులుతున్నాయి, యోస్ కోసం తెచ్చాను, ఇవ్వనిస్తారో లేదో. ఇవ్వనిస్తే ఏం చెప్పి ఇవ్వాలి. తిను అనాలా. ఎదురుగా బల్జ్ అన్న నా వైపు చూడడు, తన కాళ్ళ వైపు చూడడు, మంచు వైపు చూస్తాడు. ఆయన మా ఊరి నడవడి పెద్ద, ఆదివారం ఎవరు గుడికి రాలేదో, ఎవరు తాగి పెళ్ళాన్ని కొట్టారో, ఎవరు ఏం తిట్టారో విని ఫాదిరీకి చెప్పడం ఆయన పని, చేతులెత్తి ప్రమాణం చేశాడు దానికి. చెప్పకపోతే ఆయన తలకే చుట్టుకుంటుంది. అది నాకు తెలుసు. తెలిసినా పద్దెనిమిది రోజులుగా ఆయన్ని మనసులో ఏమేం అంటున్నానో అవి బయటికి అంటే మా పెరట్లో మట్టి చాలదు. ఆయన మా రెగెలికి జ్ఞానతండ్రి కూడా. మూడో రోజున తన శాలువాలో చుట్టి గుడికి ఎత్తుకెళ్ళింది ఆయనే, నీళ్ళు చల్లినప్పుడు అది ఆయన గడ్డం పట్టుకుని వదల్లేదు. ఆ గడ్డం ఇప్పుడు తెల్లబడింది, మంచు వల్లనో, ఏమో.

రెగెలి ఆరేళ్ళది. ఆగస్టులో కోతలయ్యాక ఊరికి నెత్తుటి విరేచనాలు వచ్చాయి. మొదట పై వీధిలో, తర్వాత వాగు దగ్గర, తర్వాత మా ఇల్లు. నాలుగు రోజులు. నాలుగో రోజు నీళ్ళు అడిగి, ఇస్తే వద్దంది, పడవలో తాగుతానంది. పడవంటే అంత ఇష్టం దానికి, వాళ్ళ నాన్న పక్కన కూర్చుని గిన్నె పట్టుకోవడం దాని ఉద్యోగం, వాడు నోరు జారగానే రెండు చేతులా ఎత్తి అందించేది, 'ఊఁ, ముద్దు' అనేది, పెద్ద ఆరిందాలాగా. మా గుళ్ళో సమాధుల మీద రాళ్ళు పెట్టనివ్వరు, పేర్లు రాయనివ్వరు, ముత్తాతల కాలంలో గుళ్ళో బొమ్మలు తీసేసినప్పుడు వాటితోపాటు అవీ పోయాయి. కనక ప్రహరీ మూల నుంచి పదకొండు అంగలు, అదే గుర్తు. ఆ నెలలో పోయిన పద్నాలుగు మందినీ ఒకే వరసలో పెట్టి, జబ్బు పాకకుండా మీద సున్నం చల్లారు. చల్లింది బల్జ్ అన్నే. గంపలోంచి పిడికిలితో తీసి చల్లుతూ దాని దగ్గరికి వచ్చేసరికి గంప కింద పెట్టి, రెండు చేతులతో తీసి, మెల్లగా, పిండి జల్లించినట్టు చల్లాడు. తర్వాత వారం నుంచి మాటలు మొదలయ్యాయి. బావి దగ్గర నేను వెళ్ళగానే ఆగిపోయే మాటలు. ఊరికి రోగం ఊరికే రాదు. వడగళ్ళు పడ్డా, తీగలకు బూజు పట్టినా, పిల్లలు పోయినా, ఎవరి నోరో దేవుడి చెవిలో పడింది. ఎవరి నోరో అందరికీ తెలుసు. చాకలి ఊర్సి ఒక్కతే ఆగకుండా నా మొహం మీదే అంది, 'నీ మొగుడు దేవుడి గాయాలు కెలికాడు, ఆ నెత్తురే మన పిల్లల కడుపులోంచి పోయింది.' ఆవిడకి ఇద్దరు పోయారు. బిందె నింపుకుని వచ్చేశాను.

లియెని తాత తెడ్డు ఆపి చెవి ఒగ్గాడు. కుడి చేతివైపు ఎక్కడో ఇంకో పడవవాడు కొమ్ము ఊదుతున్నాడు. తాత కూడా తన కొమ్ము తీసి ఊది, దగ్గి, మూతి తుడుచుకున్నాడు.

"మేకపోతు గాయాల తోడు, నా ముక్కే నాకు కనబడట్లేదు" అన్నాడు. ఆయన ఎప్పుడూ దేవుడి పేరు ఉండాల్సిన చోట మేకపోతును పెడతాడు. చట్టంలో మేకపోతు లేదు గదా అంటాడు.

"తాతా" అన్నాడు బల్జ్ అన్న, వద్దన్నట్టు.

"మేకపోతునే గదయ్యా అన్నాను. మేకపోతుకి కోపం వస్తే అదే వచ్చి అడుగుద్దిలే."

ఎవరూ నవ్వలేదు. యోస్ ఉంటే నవ్వేవాడు. వాడు నోరు జారిన రోజు కూడా ఈ పడవే, తెడ్డు దగ్గర యోస్, పీపాల మీద లియెని తాత కునుకు, ఈ బల్ల మీదే బల్జ్ అన్న. నేను లేను, కాని ఉన్నట్టే ఉంది నాకు, అన్నిసార్లు విన్నాను, బల్జ్ అన్న ఫాదిరీకి చెప్పిన మాటలు, ఫాదిరీ రాసిన మాటలు, తాత ఏడుస్తూ చెప్పిన మాటలు. బల్జ్ అన్న ఓదార్చాలనుకున్నాడట. ఏమీ మాట్లాడకుండా తెడ్డు వేస్తున్న మనిషిని చూసి ఊరుకోలేక, 'దేవుడు ఇచ్చాడు, దేవుడు తీసుకున్నాడు, యోస్, ఆయన నామానికే స్తోత్రం' అన్నాడట. యోస్ తెడ్డు ఆపకుండానే, 'ఇంట్లోకి దూరి అడక్కుండా పట్టుకెళ్ళేవాణ్ణి మనూళ్ళో ఏమంటాం బల్జన్నా' అని అడిగి, ఆయన జవాబు చెప్పకముందే తనే చెప్పాడట, 'దొంగ అంటాం. నీ దేవుడు దొంగ.' గాయాలూ కాదు, నెత్తురూ కాదు, రోజూ వాడే తిట్టు కాదు. తాతకు మెలకువ వచ్చింది ఆ మాటకే. బల్జ్ అన్న వెంటనే, 'నేల ముద్దు పెట్టుకో యోస్' అన్నాడు. యోస్ అలవాటుగా వంగి గిన్నె తీసుకున్నాడు, మూతి దాకా తెచ్చుకున్నాడు. అప్పుడు ఆగాడు. గిన్నెలోకి చూశాడు. కింద పెట్టేశాడు. 'ఇంకేదన్నా చెప్పు చేస్తాను, ఇది మాత్రం నా వల్ల కాదు' అన్నాడు. బల్జ్ అన్న మూడుసార్లు అడిగాడు, బతిమాలాడు కూడా. మూడుసార్లూ కాదన్నాడు. పడవ ఒడ్డుకు చేరాక కావలసినంత నేల ఉంది, అక్కడన్నా వంగు అంటే, మాట్లాడకుండా పీపాలు దించుకుంటూ పోయాడు. బురుజులో మూడుసార్లు విచారించారట. ఎందుకు ముద్దు పెట్టుకోలేదు అంటే, అలిసిపోయాను అన్నాడట. అలిసిపోయాడట. నవ్వొస్తుంది, ఏడుపొస్తుంది, ఎవడన్నా తల పోయే చోట అలిసిపోయాను అంటాడా.

ఎందుకు కాదన్నాడో ఈ లోకంలో ఇద్దరికే తెలుసు. ఆ రోజు పొద్దున్నే నేను వాడికి చెప్పాను. ముందు రోజు సాయంత్రం గిన్నెలో పాత మట్టి పారబోసి, ప్రహరీ మూల నుంచి పదకొండు అంగలు వేసి, కొంగులో పట్టినంత తెచ్చి నింపాను. ఎందుకు తెచ్చావు అని ఎవరన్నా అడిగితే చెప్పడానికి పద్దెనిమిది రోజులుగా ఒక జవాబు తయారు చేసుకుంటున్నాను, దానికి పడవంటే ఇష్టం, నాన్న పక్కన కూర్చోవడం ఇష్టం, అందుకని. మంచి జవాబు. నేనే నమ్మేంత మంచిది. కాని సమాధి మట్టి తెచ్చిన ఆడదాన్ని మా ఊళ్ళలో తల్లి అనరు, వేరే మాట అంటారు. నాలుగేళ్ళ కింద కొండపై ఊళ్ళో ఒక ముసలమ్మ ఇంట్లో సమాధి మట్టి దొరికింది, జబ్బు చేసిన ఆవు కోసం తెచ్చానంది, చేతులు వెనక్కి కట్టి తాడుతో పైకి లాగితే సైతాను కోసం అంది. తర్వాత నది ఒడ్డున పొగ. యోస్‌కి ఆ పొగ గుర్తుంది, వాడి పడవలోనే కట్టెలు వెళ్ళాయి. అందుకే అలిసిపోయాడు. వాడు నోరు మూసుకుంటే వాడి తల పోతుంది, నేను నోరు తెరిస్తే నాది పోతుంది, జీవితమంతా నోరు తెరిచి బతికినవాడు ఇప్పుడు నా కోసం మూసుకున్నాడు. ఇక నేను. మూడు వేళ్ళు, బొటనవేలు తండ్రి, చూపుడువేలు కుమారుడు, నడిమివేలు పరిశుద్ధాత్మ. ముడిచిన రెండూ నా ఆత్మ, నా ఒళ్ళు. ఎత్తిన మూడింటి ముందు అబద్ధం చెబితే ముడిచిన రెండూ పోతాయి. తిట్టుకన్నా అబద్ధపు ప్రమాణం వందరెట్లు పాపం అని చిన్నప్పుడు నేర్పారు. తిట్టు దేవుడి మీద రాయి విసరడం, అబద్ధపు ప్రమాణం ఆయన్ని పిలిచి పక్కన నిలబెట్టి ఆయన చేతే అబద్ధం చెప్పించడం.

నేనేం తక్కువ తిన్నాను. రెగెలి పోయిన రోజు నుంచి పెదవి కదపకుండా వాడన్న మాటే అంటున్నాను, పాలు పితుకుతూ, పిండి కలుపుతూ, కీర్తన పాడుతూ కూడా, దొంగ, దొంగ. ఇంట్లో ఎవరూ లేనప్పుడు పొయ్యి దగ్గర వంగి నేల ముద్దు పెట్టుకుంటున్నాను, బూడిద రుచి. నోటికి కాపలా ఉంది గాని మనసుకి లేదు, మనసులో అన్నదానికి ఎవరు వచ్చి వంగమంటారు. నేనే అనుకుని నేనే వంగి నేనే లేస్తున్నాను, లేచేసరికి మళ్ళీ అదే మాట.

ధన్‌మని పడవ దేనికో గుద్దుకుంది. నేను బల్ల మీంచి జారి మోకాళ్ళ మీద పడ్డాను. నగరం ముందు నీళ్ళలో పాతిన గుంజల వరస, మంచులో తాత చూసుకోలేదు. తెడ్డు గుంజకూ పడవకూ మధ్య నలిగి తాత చేతి వేళ్ళను కొట్టింది, ఆయన నోట్లోంచి వచ్చింది మాత్రం మేకపోతు కాదు. దేవుడి గాయాలు, దేవుడి నెత్తురు, దేవుడి మేకులూ వరసగా వచ్చాయి. తాత నలిగిన వేళ్ళు నోట్లో పెట్టుకుని బల్జ్ అన్న వైపు చూశాడు.

"నేల ముద్దు పెట్టుకో, లియెని తాతా" అన్నాడు బల్జ్ అన్న. ఆయన అనక తప్పదు.

"పెట్టుకుంటాలేవయ్యా. ఏదీ, గిన్నె ఇటియ్యి."

"అది... అది వద్దు. రేవు వస్తోందిగా, దిగాక పెట్టుకో."

"అప్పటికప్పుడే అని గదా మీ ఆజ్ఞ. యోస్ గాడికి పట్టిన గతి నాక్కూడా పట్టాలా ఏంటి?" అంటూనే తాత వంగి, బల్జ్ అన్న కాళ్ళ మధ్య నుంచి మూట లాగి, గుడ్డ విప్పి, టోపీ తీసి, కళ్ళు మూసుకుని ముద్దు పెట్టుకున్నాడు. శ్రద్ధగా పెట్టుకున్నాడు, నాలుగైదు క్షణాలు. నా కూతురి మీద. అరవాలనిపించింది, లాక్కోవాలనిపించింది, ఇంకోసారి పెట్టుకో తాతా, బుగ్గ మీద పెట్టుకో అనాలనిపించింది. తాత తలెత్తాడు. మీసాల మీద నల్లటి మట్టి, అందులో తెల్లటి నలుసులు.

"ఉల్లిమడి మట్టి గాదే ఇది. సున్నం తగుల్తోంది నోటికి" అన్నాడు. తుపుక్కున ఉమ్మబోయి, ముద్దు పెట్టుకున్నదాన్ని ఉమ్మకూడదని గుర్తొచ్చి మింగేశాడు. గిన్నె బల్ల మీద పెట్టి గుంజల మధ్య నుంచి పడవ తప్పించే పనిలో పడ్డాడు.

నేను ఇంకా మోకాళ్ళ మీదే ఉన్నాను. బల్జ్ అన్న వంగి నన్ను లేపుతున్నట్టు నా మోచెయ్యి పట్టుకున్నాడు, లేపలేదు. తాతకు వినపడకుండా చెవి దగ్గరే అన్నాడు.

"నేను చల్లిన సున్నం నాకు తెలీదా, క్లెఫీ? ఆ రోజే చూశాను. వాడు కింద పెట్టగానే చూశాను."

"చెప్పావా?"

"వాడన్న మాట చెప్పాను. వాడు వంగలేదని చెప్పాను. అవి చెప్పాలి, ప్రమాణం చేశాను గనక. మట్టి సంగతి ఎవరూ అడగలేదు. అడగంది చెప్పలేదు." తాత వీపు వైపు ఓసారి చూసుకున్నాడు. "ఇవాళ అడుగుతారు. గిన్నె తెమ్మంది అందుకే. కాని పడవ గుంజకి గుద్దుకుంది, తాత చూశాడు, గిన్నె నీళ్ళలో పడిపోయింది. నువ్వేం పడెయ్యక్కర్లా. నా మోకాలు తగిలిందనుకో. ఏ మట్టి అంటే పెరటి మట్టి అను. అంతే. నిన్ను కూడా పోగొట్టుకుంటే ఆ పిల్లకి నేనేం మొహం చూపిస్తాను రేపు పైన?"

ఈయన్నా నేను ఇన్నాళ్ళూ తిట్టుకుంది. ఊళ్ళో చీమ చిటుక్కుమన్నా రాయించే మనిషి, పద్దెనిమిది రోజులు ఈ ఒక్కటీ గొంతులో పెట్టుకుని తిరిగాడు. ఆయన మోకాలు గిన్నె పక్కనే ఉంది, బల్ల అంచు మీద. జానెడు జరిగితే చాలు. నీళ్ళు లోతు ఇక్కడ. రెగెలి పడవలో నీళ్ళు తాగుతానంది. సరస్సంతా తాగచ్చు. అది పడిపోతే నేను బతుకుతాను, ఇంటికెళ్ళి ఆవుకు గడ్డి వేస్తాను, ఆదివారం గుడిలో కూర్చుంటాను, యోస్ మొండివాడు, దేవుడితో ఎకసెక్కాలాడాడు, పశ్చాత్తాపం లేనివాడు అని ఫాదిరీ చెబుతుంటే వింటాను. నీ మొగుడు ఎందుకు వంగలేదు అంటే తెలీదు అంటాను. నాకు తెలీదు. మూడు వేళ్ళెత్తి.

తెలీదా. తెలుసు గదే నీకు. దానికి పడవంటే ఇష్టమనా నువ్వు మట్టి తెచ్చింది. ఇప్పటికైనా నిజం చెప్పుకో, మంచులో ఎవరూ చూడరు. బావి దగ్గర ఊర్సి అన్న మాట ఇంటికొచ్చేదాకా చెవిలో ఉంది, ఇంటికొచ్చాకా ఉంది, పక్కలో వాడి ఊపిరి వింటుంటే ఆ నోరు ఉన్న చోట నాకు గొయ్యి కనిపించేది. ఆ నోరే తీసుకుపోయిందా. అంత తిట్టకపోతే ఉండేదా. నమ్మాను అనను, నమ్మలేదనీ అనను. మట్టి తెచ్చింది అందుకు. ఆ పొద్దున గుమ్మంలో వాడు తెడ్డు భుజాన వేసుకుంటుంటే నెమ్మదిగా, కేకలేమీ వేయకుండా చెప్పాను. గిన్నెలో మట్టి మార్చాను, దానిది తెచ్చాను. ఇకమీద నోరు జారినప్పుడల్లా నువ్వు చంపినదాన్ని ముద్దు పెట్టుకో అన్నాను. ఆ మాటే అన్నాను. చంపినదాన్ని. వాడు తిట్టలేదు, మొదటిసారి జీవితంలో. తెడ్డు ఇంకో భుజానికి మార్చుకుని వెళ్ళిపోయాడు. ఊళ్ళో అందరూ యోస్ తిట్లు వింటారు, వేలు చూపిస్తారు, నేల నేల అంటారు. నేనన్న మాటలో దేవుడి పేరు లేదు, గాయాలు లేవు, దానికి ఏ చట్టంలోనూ పేరు లేదు, నన్ను వంగమనడానికి ఎవరూ లేరు. అది నోట్లో పెట్టుకుని వాడు బురుజులో కూర్చున్నాడు. అలిసిపోయాను అన్నాడు. వాడు దాచింది సమాధి మట్టిని కాదు. నా మాటను.

"బల్జన్నా, మోకాలు తియ్యి" అన్నాను.

ఆయన కళ్ళలోకి చూశాను, అప్పటిదాకా చూడలేదు. గిన్నె తీసి నా ఒళ్ళో పెట్టుకున్నాను. తాత మూతి ఆనిన చోట మట్టి గుంట పడి ఉంది, చేత్తో సర్దాను, పక్క దుప్పటి సర్దినట్టు. ఆయన టోపీ తీసి చేతుల్లో పట్టుకుని, రేవు వచ్చేదాకా అలాగే కూర్చున్నాడు. మంచు పలచబడి ముందు గంట మోత, తర్వాత రెండు శిఖరాలు, తర్వాత రేవు మెట్లు కనిపించాయి. నది నడుమ బురుజు కూడా కనిపించింది, కిటికీలు చిన్నవి, ఏది వాడిదో తెలీదు. తాత తాడు విసిరాడు.

నగరసభ గదిలో పొయ్యి వేడి, మైనం వాసన. ఇద్దరు పెద్దలు, తెల్లటి మెడపట్టీలు, పక్కన ఒక గుమాస్తా. గిన్నె బల్ల మీద పెట్టమన్నారు, పెట్టాను. చెయ్యెత్తమన్నారు, ఎత్తాను. చలికి వేళ్ళు తిన్నగా రాలేదు, ఎడమచేత్తో లాగి నిలబెట్టాల్సి వచ్చింది. తండ్రి గోరు కింద, కుమారుడి గోరు కింద, పరిశుద్ధాత్మ గోరు కింద మట్టి ఉంది, మట్టిలో సున్నపు నలుసులు. గుమాస్తా ప్రమాణం చదివాడు, నేను వెనకాల అన్నాను. పెద్దాయన గిన్నె వైపు చూసి, ఇది ఎక్కడి మట్టి, నీ భర్త దీన్ని ఎందుకు కాదన్నాడో నీకు తెలుసా అని అడిగాడు. గొంతు కఠినంగా ఏం లేదు, అలసటగా ఉంది. తలుపు దగ్గర బల్జ్ అన్న కళ్ళు మూసుకున్నాడు.

"తెలుసయ్యా" అన్నాను. "అది నా కూతురి మీది మట్టి. తెచ్చింది నేను, పెట్టింది నేను. పిల్లని నువ్వే చంపావని పొద్దున్నే మొగుడితో అని పంపింది నేను. వాడు కాదన్నది దేవుణ్ణి కాదు. నన్ను."

గుమాస్తా కలం ఆగిపోయింది. పెద్దలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చెయ్యి దించమని ఎవరూ అనలేదు, అందుకని అలాగే ఎత్తి ఉంచాను.